మేకు కొట్టని తలుపు

"మూసి ఉన్నవన్నీ తెరవండి. అన్నీ అంటే అన్నీ," అని లోపలి గదిలోంచి మంత్రసాని లాయ్‌సామ్ మళ్ళీ కేకేసింది. "ఇంట్లో ఎక్కడ మూత ఉన్నా, ఎక్కడ ముడి ఉన్నా బిడ్డకు దారి దొరకదు. మధ్యాహ్నం నుంచీ మొత్తుకుంటున్నాను."

మధ్యాహ్నం నుంచీ క్వైహో తెరుస్తూనే ఉంది. బియ్యం జాడీ తెరిచింది. ఉప్పు చేపల డబ్బా తెరిచింది. కోడలి పురుటికని నెల ముందు నుంచీ తీపి సిర్కాలో అల్లం వేసి మరిగిస్తున్న పెద్ద కుండ మూత తీసింది. ఆ ఘాటుకి ఇల్లంతా కళ్ళు మండుతున్నాయి. బట్టల మూటలు విప్పింది. తన కొప్పు ముడి కూడా విప్పేసుకుంది. ఆఖరికి పందుల దొడ్డి తలుపు తీసేసరికి రెండు పందులూ సందులోకి షికారు వెళ్ళాయి.

ఇక మిగిలింది ఒక్కటే. పోయిన పెద్దల పూజాపీఠం కింద కర్పూరపు చెక్క పెట్టె, దానికో ఇత్తడి తాళం, ఆ తాళం మీద చెయ్యి వేసుకుని కూర్చున్న మొగుడు.

"ఈ పెట్టె వద్దు," అన్నాడు సెక్‌చౌ.

"ఎందుకు వద్దు?"

"ఇందులో అర్జీలున్నాయి. కోట జనం అందరి తరఫునా నాన్‌కింగ్‌లోని మన ప్రభుత్వానికి రాసిన అర్జీల నకళ్ళు. పురిటింట్లో తెరిచే వస్తువు కాదిది."

"అర్జీలకు మైల అంటుతుందా?"

"నీకు చెప్పినా అర్థం కాదు."

"అవును, నాకేదీ అర్థం కాదు. లోపల ఆ పిల్ల నిన్న సాయంత్రం నుంచీ నొప్పులు పడుతోందన్నది ఒక్కటే అర్థమవుతోంది."

సెక్‌చౌ తాళం మీద చెయ్యి తీయలేదు. ఇంటిపేరు తామ్, అరవై ఒక్క ఏళ్ళ మనిషి. కౌలూన్ కోటలో ఉత్తరాలు, అర్జీలు రాసి బతుకుతాడు. ముప్పై ఏడేళ్ళ కిందటి ఒడంబడిక ఆయన నాలుక చివర ఉంటుంది. ఎవరూ అడక్కపోయినా అప్పజెబుతాడు. ఇప్పుడూ అదే ఎత్తుకున్నాడు.

"చుట్టూ ఉన్న నేలంతా ఇంగ్లీషువాళ్ళకి తొంభై తొమ్మిదేళ్ళ కౌలుకిచ్చారు. కోటని ఇవ్వలేదు. కోటలోపల మన అధికారులే ఉంటారని కాగితం మీద రాసి రెండు పక్షాలూ ముద్రలు వేశాయి. ఆ కాగితం బతికున్నంతకాలం మనల్ని ఇక్కణ్ణుంచి లేపే హక్కు వాళ్ళకి లేదు."

"ఉన్నారా?" అంది క్వైహో.

"ఎవరు?"

"ఆ అధికారులు. కోటలో ఉన్నారా?"

 ఉన్నదేమిటో ఇద్దరికీ తెలుసు. ఒడంబడిక రాసుకున్న మరుసటి ఏడే ఇంగ్లీషు సిపాయిలు వచ్చి ఆ అధికారుల్ని సాగనంపారు. ఇరవై ఐదేళ్ళ గుమస్తా సెక్‌చౌ ఆఖరి అధికారి సిరాపెట్టె మోసుకుని రేవుదాకా వెళ్ళి పడవెక్కించి వచ్చాడు. ఆనాటి కచేరీలో ఇప్పుడు దిక్కులేని ముసలివాళ్ళకి గంజి పోస్తున్నారు.

"ముప్పై ఆరేళ్ళు," అంది క్వైహో. "మన ఊళ్ళో మన ప్రభుత్వానిది ఒక్క కుర్చీ లేదు. వాళ్ళ ప్రభుత్వం ఒక్క నాలుగు గజాల కాలవ తవ్వలేదు, కోట మాది కాదేమోనని. మనది అనేవాడు రాడు, వచ్చేవాడు మనవాడు కాదు. ఆబోతుల పోట్లాటలో లేగదూడలు నలిగినట్టు మధ్యలో మనం. తాళంచెవి ఇవ్వండి."

"ఇవ్వను."

నెల కిందటి దాకా ఈ మనిషికి ఇంత పంతం లేదు. అసలు ఈ నెలంతా ఎవరికి బుర్ర తిన్నగా ఉంది గనక. కోట ఖాళీ చేయించి తోట వేస్తామనీ, ఖాళీ చేసిన ప్రతి ఇంటికీ గుట్ట అవతల జాగా ఇస్తామనీ ఇంగ్లీషువాళ్ళు చాటించారు. జాగా కావలసినవాళ్ళు తలుపు మీద నంబరు రేకు కొట్టించుకోవాలి. రేకు కొట్టించుకుంటే వాళ్ళ అధికారం ఒప్పుకున్నట్టే, ఎవరూ కొట్టించుకోవద్దని కాంటన్ నుంచి వచ్చిన సంఘంవాళ్ళు ఇల్లిల్లూ తిరిగి చెప్పారు.

క్వైహోకి ఈ రెండు మాటలూ ఒక చెవిన పడి రెండో చెవిలోంచి పోయాయి. ఆమె గొడవ వేరు. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో బిడ్డను కాచే దేవత ఒకటి తిరుగుతుంటుంది. పంచాంగం ప్రకారం ఒకనాడు పొయ్యిలో, ఒకనాడు మంచం దగ్గర, ఒకనాడు తలుపులో ఉంటుంది. అది ఉన్నచోట మేకు కొడితే బిడ్డకు తగులుతుంది. ఇది కోటలో చంటిపిల్లలకు కూడా తెలుసు.

రేకులు కొట్టించే ఇంగ్లీషు దొర సుత్తివాణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది సరిగ్గా దేవత తలుపులో ఉన్న రోజున. క్వైహో గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఈవేళ తలుపులో ఉంది, రేపు పొయ్యిలోకి వెళ్తుంది, రేపు రండి," అంది. అంతకుమించి ఒక్క మాట అనలేదు. దుబాసీ యిప్ ఈ ప్రాంతంవాడే, ఒక్క ముక్క పొల్లుపోకుండా చెప్పాడు. దొర తల ఊపుతూ విన్నాడు. తీరా రాసుకోబోతే ఆయన రిజిస్టరులో గళ్ళు రెండే ఉన్నాయి. ఒప్పుకున్నవాళ్ళకొకటి, ఒప్పుకోనివాళ్ళకొకటి. రేపు రమ్మన్నవాళ్ళకి గడి లేదు. రెండో గడిలో గీత పెట్టుకుని రేకు సంచిలో వేసుకుపోయాడు. మర్నాడూ రాలేదు, ఆపై రోజూ రాలేదు.

నాలుగు రోజులకు కాంటన్ పత్రికలో పడింది. సుత్తికి ఎదురునిలిచిన వీరనారి, కౌలూన్ కోట తామ్ ఇంటి ఇల్లాలు.

దాంతో సందు సందంతా సిగ్గుపడిపోయింది. రేకులు కొట్టించుకున్న పది ఇళ్ళవాళ్ళూ వాటిని ఊడబెరికి దిండ్ల కింద దాచారు. పది తలుపులకీ చిల్లులు మిగిలాయి. పదకొండో తలుపు ఒక్కటే చిల్లు లేకుండా నిగనిగలాడుతోంది. ఈవేళ సాయంత్రం అయిదింటికి గడువు. రేవులో అయిదింటికి వేసే కూత వినబడేసరికి తలుపు మీద రేకు లేని ఇంటికి జాగా లేదు. ఇల్లు మాత్రం ఎలాగూ కూలుస్తారు. పది ఇళ్ళవాళ్ళూ సుత్తులు చేతబట్టుకుని తలుపుల వెనక నిలబడి క్వైహో ఏం చేస్తుందా అని చూస్తున్నారు. ఆమె కొడితే వాళ్ళూ కొడతారు. ఆమె చేతిలో కొట్టడానికి రేకే లేదు. పుట్టబోయే బిడ్డకు కప్పు ఉంటుందో లేదో తెలియదు.

లోపల కోడలు సుయ్‌లిన్ అరిచింది. ఇందాకటి అరుపులాంటిది కాదు. మధ్యలో తెగిపోయింది.

"బిడ్డ అడ్డం తిరిగింది," అంది లాయ్‌సామ్. ఆమె గొంతులో ఇప్పుడు విసుగు లేదు. "వొదినా, ఇంకా ఏదో మూసి ఉంది. నీ ఇష్టం."

క్వైహో మొగుడి వైపు చూసింది. సెక్‌చౌ నడుముకున్న తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

తాళం బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులా తిప్పింది. పైన కట్టలు కట్టిన నకళ్ళున్నాయి, పదిహేను. వాటి ముడులు కూడా విప్పాలి గదా అని ఒక్కొక్కటీ తీసి విప్పుతూ పోయింది. అడుగున పాత అర్జీ కాగితంలో చుట్టి ఏదో చల్లగా, గట్టిగా తగిలింది.

తెల్లటి రేకు. దాని మీద నల్లగా ఇరవై మూడు. కింద ఒక రసీదు. రసీదు చివర ఎర్రటి ముద్ర. మొగుడి ముద్ర, ఆమె నలభై ఏళ్ళుగా చూస్తున్నదే.

 సిర్కా కుండ ఉడుకుతున్న చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

"ఎప్పుడు?" అంది క్వైహో.

"తొమ్మిదో తారీఖున."

"అర్జీ పోస్టు చేసి వస్తానని వెళ్ళిన రోజు."

"అర్జీ కూడా పోస్టు చేశాను."

క్వైహోకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండింటికీ తీరిక లేదు. "ఇది ఇంట్లో పెట్టుకుని నన్ను వీరనారిని చేసి ఊరేగించారా?"

"నేను చేయలేదు. పత్రికవాళ్ళు చేశారు."

"చదివి వినిపించింది ఎవరు? రెండుసార్లు. రెండోసారి సందులో నిలబడి."

సెక్‌చౌ గోడకేసే చూస్తూ మాట్లాడాడు. "ఆ ముందు రోజు వాన పడింది. సుయ్‌లిన్ అంత కడుపు వేసుకుని కారే చోటల్లా గిన్నెలు పెడుతోంది. కప్పు బాగుచేద్దామంటే మేకు కొట్టకూడదు. మేకు కొట్టొచ్చన్నా పర్మిట్ కావాలి. ఇంగ్లీషువాళ్ళని అడిగితే మనం ఒప్పుకున్నట్టు, మనవాళ్ళని అడిగితే ఇచ్చేవాడే లేడు. నా వల్ల ఆ పిల్లకి వచ్చేదేమిటి? పదిహేను నకళ్ళు. గిన్నె నిండి పొర్లుతోంది. మావయ్యా, ఇంకో గిన్నె అందుకోండి అంది. అంతే."

"మరి తెచ్చినవారు చెప్పొచ్చు గదా. దాచడం దేనికి?"

"పిల్ల పుట్టేదాకా ఇంట్లో వస్తువు కదపకూడదని నువ్వే అన్నావు. ఎవరూ ముట్టుకోరనుకున్నాను. తరవాత చూద్దాంలే అనుకున్నాను." ఆయన గోడ మీది పెచ్చు గోటితో గోకాడు. "ఎలా చెప్పమంటావే. ముప్పై ఆరేళ్ళుగా ఈ సందులో తలెత్తుకు తిరిగింది ఆ ఒక్క మాట మీద."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఎంత మండిందంటే, లోపల పిల్ల మూలుగు వినబడకపోతే ఆ రేకుతోనే ఆయన నెత్తిన ఒక్కటి వేసేదే. జాలి కూడా అదే క్షణంలో కలిగింది. దానికి ఇంకా మండింది.

"గంటెంత?"

"పావు తక్కువ అయిదు."

"అయితే లేవండి. సుత్తి తీసుకోండి."

"వొదినా," అంది లాయ్‌సామ్ లోపల్నుంచి, "ఈ ఇంట్లో ఎవరైనా మేకు కొట్టారంటే నేను చేతులు కడుక్కుని పోతాను. ఇప్పుడిప్పుడే కదులుతోంది."

"తాడుతో కడతాను."

"తాడంటే ముడి పడదూ? ముడులన్నీ విప్పించింది మళ్ళీ వేయించడానికా?"

మేకు లేదు, తాడు లేదు. క్వైహో రేకు చేత్తో పట్టుకుని, జుట్టు విరబోసుకున్నది అలాగే బయటికి వెళ్ళింది. తలుపు దగ్గరగా వేసి, ఇరవై మూడు బయటికి కనబడేలా రేకును చెక్కకు ఆనించి, రెండు అరచేతులతో అదిమిపట్టుకుని నిలబడింది.

కాంటన్ సంఘం ఫాన్ అప్పటికే సందు మలుపు తిరిగాడు. ముప్పై ఏళ్ళవాడు, కళ్ళజోడు, కోటు జేబుకి పెన్ను. వెనకాల కెమెరా మోసే మనిషి. గడువు దాటిన నిమిషాన బోసి తలుపు ఫోటో తీసుకోవాలని వచ్చారు. ఆమెను చూసి చిరునవ్వుతో వస్తున్నవాడల్లా రేకును చూసి ఆగిపోయాడు.

"పెద్దమ్మా, ఏమిటది?"

"కనబడుతోంది గదా నాయనా."

"ఎవరు బలవంతం చేశారు?"

"బిడ్డ."

ఫాన్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "మీ తలుపు సంగతి నాన్‌కింగ్ లేఖలో ఉంది. ఇంగ్లీషువాళ్ళ రాయబారి చేతికి ఇచ్చిన లేఖలో. కోటలో ఒక్క తలుపు కూడా మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదని రాశాం. ఇప్పుడు మీరిలా చేస్తే ఆ వాక్యం అబద్ధమవుతుంది."

"ఆ వాక్యం కింద పడుకుంటే వాన తడపదా?"

"ఇవాళ మీరు ఒప్పుకుంటే రేపు కోట మొత్తం ఒప్పుకున్నట్టే, పెద్దమ్మా. ఇంకో యాభై ఏళ్ళకు ఇది మాదని అనడానికి మన పిల్లలకు ఆధారం ఉండదు."

అతను అబద్ధమాడటం లేదు. అదే ఆమెను ఎక్కువ విసిగించింది. ముప్పై ఆరేళ్ళుగా ఇంట్లో మొగుడు చెప్పేదీ ఇదే. ఆ మాట తప్పని ఆమె ఎన్నడూ అనలేదు. ఆ మాటకు ఒక కప్పు వేయండి, నాలుగు పెంకులు పరవండి అంటుంది, అంతే.

"యాభై ఏళ్ళ తరవాతి పిల్లల సంగతి మీరు చూడండి," అంది. "ఇంకో పావుగంటలో పుట్టేవాళ్ళ సంగతి నేను చూస్తాను."

సందు రెండో కొస నుంచి దొర వచ్చాడు. ఎండకు మెడ ఎర్రగా కమిలి ఉంది. చంకలో రిజిస్టరు. పక్కన యిప్. మధ్యలో తామ్‌వారి పంది ఒకటి అడ్డం పడితే దొర దాన్ని చుట్టుకుని రావలసి వచ్చింది.

"దొరగారు అడుగుతున్నారు," అన్నాడు యిప్ ముఖం ఎటో పెట్టుకుని. "రేకు తలుపు మీద ఉండాలి, చేతిలో కాదు."

"తలుపుకే ఆనించి ఉంది. చెయ్యి తీస్తే పడుతుంది, అందుకని పట్టుకున్నాను."

"మేకు కొట్టాలి పెద్దమ్మా."

"నా చేతులే మేకులనుకోమను. లోపల పురుడు అవుతోంది. అయ్యాక ఎన్ని కావాలంటే అన్ని కొట్టుకోండి."

యిప్ చెప్పాడు. దొర తల ఊపుతూ విన్నాడు. గడియారం చూసుకున్నాడు. రిజిస్టరు విప్పి, రెండు గళ్ళ మీదా పెన్సిలు ఆడించాడు. ఎక్కడా దించలేదు.

"ఇప్పటికే ఒప్పుకున్నట్టు దొరల ఆఫీసులో రసీదు నకలు ఉందట," అన్నాడు యిప్. "ఇంటి యజమాని ముద్ర కూడా ఉందట."

ఫాన్ చటుక్కున తలెత్తాడు. "యజమాని ముద్రా? తామ్ గారు వేశారా?"

 పది తలుపుల వెనకా పది చెవులున్నాయని క్వైహోకి తెలుసు. ఈ తలుపు వెనక ఇంకో రెండు చెవులున్నాయనీ తెలుసు. అర్జీలన్నీ ఆయనవే. సంఘం కాగితాలన్నిటి మీదా మొదటి పేరు ఆయనదే. ఇప్పుడు అవునంటే ఆయన ఈ జన్మలో మళ్ళీ సందులోకి రాలేడు.

"నేనే వేశాను," అంది. "పెట్టెలోంచి ముద్ర దొంగిలించి నేనే వెళ్ళి వేశాను. ఆయనకేమీ తెలియదు. తెలిస్తే నన్ను బతకనిచ్చేవాడు కాదు."

ఫాన్ ఆమెను చూసిన చూపులో కోపం లేదు. చిన్నబుచ్చుకున్నట్టుగా ఉంది, అంతే. కెమెరా మనిషికి చేత్తో వద్దని సైగ చేశాడు. మొన్నటి వీరనారి పని అయిపోయిందని ఆమెకు అర్థమైంది. పీడా పోయిందనుకుంది. అనుకున్నంత తేలిగ్గా మాత్రం లేదు.

రేవు కూత వినిపించింది. పొడుగ్గా కూసి ఆగింది. దొర పెన్సిలు రెండో గడి మీదికి దించాడు.

తలుపు వెనకాల పసిబిడ్డ ఏడ్చింది.

దొర పెన్సిలు ఆగింది. ఆయనకి దుబాసీ అక్కర్లేకపోయింది. టోపీ తీసి, అయిదు వేళ్ళు చూపించాడు. అయిదు నిమిషాలు.

"ఇక మూతలు వేసుకోవచ్చు," అన్న లాయ్‌సామ్ గొంతు ఇల్లంతా దాటుకుని వచ్చింది. "పిల్లా, తల్లీ క్షేమం."

 క్వైహో అదిమిపట్టిన తలుపును లోపల్నుంచి ఎవరో లాగారు. పడబోయి నిలదొక్కుకుని తలెత్తి చూస్తే గడపలో సెక్‌చౌ ఉన్నాడు. చేతిలో సుత్తి ఉంది.

"శభాష్ తామ్ గారూ," అన్నాడు ఫాన్ ఆశగా. "ఆ రేకు మీరే విరగ్గొట్టండి. కెమెరా సిద్ధంగానే ఉంది."

సెక్‌చౌ అతని వైపు చూడలేదు. "ఆ ముద్ర నాది," అన్నాడు. సందు రెండు కొసలకీ వినబడేలా అన్నాడు. "నేనే వెళ్ళి వేశాను. ఈవిడ చెప్పింది అబద్ధం. నలభై ఏళ్ళ కాపురంలో ఈవిడ నా పెట్టె ముట్టుకోలేదు. ఈవేళ తప్ప."

 ఎదురింటి తలుపు ఓరగా తెరుచుకుంది. దాని పక్కది. ఆ పక్కది. ఒక్కొక్క గుమ్మంలో ఒక్కొక్క మనిషి, ఒక చేతిలో రేకు, ఒక చేతిలో సుత్తి.

క్వైహోకి కళ్ళు చెమర్చాయి. చెమర్చినందుకు ఆయన మీద మళ్ళీ కోపం వచ్చింది. ఆ ముక్కేదో తొమ్మిదో తారీఖునే చెప్పి ఉంటే ఇంత రభస ఎందుకు. "సుత్తి తెచ్చారు సరే," అంది ముక్కు చీదుతూ. "మేకులేవీ?"

ఆయన ఎడమ గుప్పిట విప్పాడు. రెండున్నాయి.

ఆమె రేకు సరిచేసి పట్టుకుంది. ఆయన మేకు మొన రేకు కన్నంలో ఆనించి సుత్తి ఎత్తాడు. ఎత్తినది ఎత్తినట్టే ఉండిపోయింది. ఆయన చూపు రేకు మీద లేదు. సందు చివర, తను ఒకప్పుడు గుమస్తాగా పనిచేసిన పాత కచేరీ పెచ్చులూడిన కప్పు మీద ఉంది.

లోపల బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. యిప్ గడియారం వైపు చూశాడు. "రెండు నిమిషాలు, అయ్యా," అన్నాడు మెల్లిగా.

"ఇటివ్వండి," అంది క్వైహో చెయ్యి చాచి.

సెక్‌చౌ సుత్తి ఇవ్వలేదు. కొట్టనూ లేదు.